కారు మీది సైకిలుకి తాళం: తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురంలో మా వీధి నుంచే ఆదివారం తెల్లారకముందు రెండు మూడు కార్లు సైకిళ్లు కట్టుకుని బయల్దేరతాయి. ఒకరు గోపాలపూర్ బీచికి, ఒకరు రంభ దగ్గర చిలికా ఒడ్డుకి, సెలవులు కలిసొచ్చినవాళ్లు రాయగడ మీదుగా కొరాపుట్ కొండల్లోకి. ర్యాకు ఏది కొనాలని నన్ను ఒక్కసారే అడుగుతారు. "టీకి దిగితే సైకిలు ఉంటాదా అన్నయ్యా?" అన్నది మాత్రం వెళ్లిన ప్రతిసారీ అడుగుతారు. ఫోన్లో చెప్పి చెప్పి విసుగొచ్చి ఇలా రాసిపెట్టాను. క్యారియర్ అంటే మనకి సైకిలు వెనక మనిషి కూర్చునేదే గుర్తొస్తుంది కాబట్టి, కారుకి బిగించేదాన్ని ర్యాకు అనే అంటాను.

దొంగ తల్చుకుంటే ఏ తాళమైనా ఊడిపోతుంది కదా, మరెందుకు?

నిజమే. బ్యాటరీ గ్రైండర్ పట్టుకొచ్చినవాడి ముందు సైకిలు తాళం ఏదీ ఎక్కువసేపు నిలవదు. కానీ పట్టపగలు టీకొట్టు ముందు నిప్పురవ్వలు లేపుతూ కూర్చునే దొంగ అరుదు. మనకి తగిలేవాడు దారిన పోతూ కారు వెనక్కి చూసి, లాగితే వస్తుందేమో అని ఆగేవాడు. వాడి జేబులో బ్లేడు ఉండొచ్చు, మహా అయితే కటింగ్ ప్లేయరు. వాడికి ఐదు నిమిషాల పని పెడితే పక్కకి పోతాడు.

నా లెక్క ఇది. పది నిమిషాల టీకి తాళం చాలు. అరగంట భోజనానికి తాళంతో పాటు మన కన్ను కూడా ఉండాలి. రాత్రయితే ఏ తాళాన్నీ నమ్మను, సైకిళ్లు దించి లోపల పెడతాను. కింది జవాబులన్నీ ఈ లెక్క మీద నడిచేవే.

ఏ రకం ర్యాకు మీద దొంగకి పని సులువు?

డిక్కీకి బెల్టులతో కట్టేదాని మీద. ధర తక్కువ, చాలా కార్లకి కుదురుతుంది, మా వీధిలో అందరి దగ్గరా అదే. దాన్ని కారుకి పట్టి ఉంచేవి నైలాన్ బెల్టులు, వాటి చివర కొక్కేలు. అంతే. బెల్టులు కోస్తే ర్యాకుతో సహా సైకిళ్లు నడిచిపోతాయి.

టాపు మీద పెట్టే ర్యాకుల్లో చాలావాటికి తాళం కూడా కలిపే ఇస్తారు. అది చిన్నదే అయినా, అంత ఎత్తు నుంచి సైకిలు దించడం నలుగురికీ కనపడే పని. థార్, బొలెరో లాంటి బళ్లకి వెనక స్టెప్నీ మీద బిగించే ర్యాకు ఉంటుంది. అది స్టెప్నీ బోల్టుల మీదే నిలబడుతుంది కాబట్టి ఒక బోల్టుకి తాళం నట్టు వేయిస్తే ర్యాకు కదలదు. కారు కింద టోయింగ్ గొట్టంలో దూర్చే ర్యాకు మన రోడ్ల మీద తక్కువ కనిపిస్తుంది. అది ఉన్నవాళ్లు దాంతో వచ్చిన పిన్ను తీసేసి తాళం ఉన్న పిన్ను వేసుకోండి. మామూలు పిన్నుని పట్టుకుని ఉండేది ఒక్క క్లిప్పు. వేలితో లాగితే వచ్చేస్తుంది.

నాది డిక్కీ ర్యాకే, ఇప్పట్లో మార్చలేను. బెల్టు కోస్తే ఎలా?

బెల్టుని కాపాడే పని పెట్టుకోకండి. బెల్టుతో సంబంధం లేకుండా సైకిలుని నేరుగా కారుకే కట్టండి. నేను చేసేది చెప్తాను.

రెండు చివర్లా ఉచ్చులున్న ఉక్కు తీగ సైకిలు షాపుల్లో దొరుకుతుంది, పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఒక ఉచ్చుని డిక్కీ లోపలికి తీసుకుని, అందులో జానెడు ఇనప గొట్టం ముక్క అడ్డంగా దూరుస్తాను. నాది పాత సైకిలు హ్యాండిల్లోంచి కోయించిన ముక్క. లోపల కొట్టుకోకుండా దానికి గుడ్డ చుట్టాను. తీగని డిక్కీ అంచున, రబ్బరు బీడింగు మెత్తగా ఉన్న మూల నుంచి బయటికి తీసి తలుపు వేస్తాను. ఇక బయటి నుంచి ఎంత లాగినా గొట్టం ముక్క లోపల అడ్డం తిరిగి ఆపేస్తుంది. డిక్కీ తెరిస్తే తప్ప రాదు. బయట మిగిలిన ఉచ్చుని సైకిళ్ల ఫ్రేముల్లోంచి పోనిచ్చి, చివర యు-లాకుకి, అంటే U ఆకారంలో వంచిన ఉక్కు కడ్డీ తాళానికి, తగిలిస్తాను.

మూడు జాగ్రత్తలున్నాయి. తీగ మరీ లావుదైతే తలుపు పూర్తిగా పడదు. నా కారుకి 8 మిల్లీమీటర్ల తీగ సరిపోయింది, 12 మిల్లీమీటర్లది పెడితే డిక్కీ లైటు ఆరలేదు. రెండోది, తీగ తగిలే చోట రంగు పోకుండా మందపాటి టేపు వేయండి. మూడోది అందరం మర్చిపోయేది: డిక్కీ లాక్ అయ్యిందో లేదో. డ్రైవరు తలుపు లాక్ కాలేదంటే ఇంత సంబరమూ దండగ, దొంగ డిక్కీ బటను నొక్కి గొట్టం ముక్కతో సహా తీసుకుపోతాడు.

తీగ బోల్ట్ కట్టరుకి ఆగదు, అది ముందే చెప్పేస్తున్నాను. బ్లేడుకి మాత్రం ఆగుతుంది. కటింగ్ ప్లేయరుతో అయితే ఒక్కో పోగూ కొరుక్కుంటూ పోవాలి, ఈలోగా మన టీ అయిపోతుంది.

కొన్ని కార్లకి వెనక కింద, చట్రానికే వెల్డింగు చేసిన టోయింగ్ కొక్కెం ఉంటుంది. ఉంటే ఇంకా మంచిది, గొలుసు దానికే వేయండి. మర తిప్పి బిగించే కొక్కేన్ని నమ్మకండి, బిగించినట్టే విప్పేస్తారు. కారు చక్రం రిమ్ములోంచి గొలుసు తీసి కట్టే పని మాత్రం వద్దు. దొంగ సంగతి దేవుడెరుగు, మర్చిపోయి మనమే బండి కదిలించామంటే సైకిలూ బంపరూ రెండూ పోతాయి.

మంచి గొలుసే వేశాం. ఇంకేం చూడాలి?

లాగి చూడాలి. నేను చూడక నవ్వులపాలయ్యాను.

ఛత్రపురం దాటాక హైవే పక్కన టీకి ఆగాం. రెండు సైకిళ్లు, లావుపాటి గొలుసు, దానికి తగ్గ తాళం. గొలుసుని రెండు ఫ్రేముల్లోంచీ తీసి ర్యాకు చేతికి చుట్టి, ధీమాగా గ్లాసు అందుకున్నాను. మాతో వచ్చిన మేనల్లుడు తొమ్మిదో తరగతి. వాడు సైకిళ్ల దగ్గరికెళ్లి రబ్బరు పట్టీలు విప్పి, గొలుసుని ర్యాకు చేతి వెంబడే మెల్లగా జరుపుకుంటూ చివరికి తెచ్చి, అక్కడి నుంచి జారవిడిచాడు. రెండు సైకిళ్లూ, గొలుసూ, వేసిన తాళం వేసినట్టే, కింద నిలబడ్డాయి. "మావయ్యా, దీనికి చివర మూత లేదు" అన్నాడు. టీకొట్టాయన నాకంటే ముందు నవ్వాడు.

సైకిలు వేలాడదీసే చేతులు చాలా ర్యాకులకి చివర తెరిచే ఉంటాయి. గొలుసు వాటికి వేస్తే చొక్కాని హ్యాంగరుకి తగిలించినట్టే. ర్యాకులో నాలుగు వైపులా మూసుకున్న చోటు వెతకండి, అడ్డబద్దెకీ నిలువు గొట్టానికీ మధ్య ఖాళీలాంటిది. గొలుసు అక్కడి నుంచి పోవాలి, అక్కడి నుంచి కారుకి. సైకిలు వైపు కూడా అంతే. పెడల్‌కీ సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య ఉండే పెద్ద త్రికోణంలోంచి పోవాలి. చక్రానికి ఒక్కదానికే వేస్తే చక్రం మిగులుతుంది, సీటు గొట్టానికి వేస్తే సీటు మిగులుతుంది.

గొలుసు వదులుగా నేలకి వేలాడకూడదు. నేల మీద ఆనిన గొలుసుని కట్టరు ఒక పిడి నేలకి ఆనించి మనిషి బరువంతా వేసి కోయొచ్చు, గాల్లో బిగుతుగా ఉన్నదాన్ని అలా కోయలేరు. ఇంకొకటి, ఖరీదైన సైకిలు కారు వైపు, పాతది బయటివైపు. ఇది మా ఇంట్లో గొడవకి కారణం, ఎందుకంటే బయట వేలాడేది ఎప్పుడూ మా ఆవిడ సైకిలే.

ఏ తాళం కొనాలి?

రోజూ సైకిలు మీద వెళ్లేవాడు తాళం బరువు చూసుకోవాలి. మనకి ఆ బాధ లేదు, మోసేది కారు. కాబట్టి మొహమాటం లేకుండా బరువైనదే కొనండి. 10 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకి సుమారు 2 కిలోలు ఉంటుంది. మీటరున్నర ఉంటే రెండు సైకిళ్లకి సరిపోతుంది.

అయితే లావు చూసి మోసపోకండి. ఇనప సామాను కొట్లో కిలోల్లెక్కన అమ్మే గొలుసు మెత్తటి ఇనుము, గేదెని కట్టడానికి బావుంటుంది. తాళానికి కావలసింది కాల్చి గట్టిపరిచిన ఉక్కు. తేడా తెలుసుకోవడానికి ఆకురాయి చాలు. గొలుసు కొస లింకు మీద ఆకురాయితో ఒకసారి గీయండి. మెత్తటి ఇనుమైతే ఆకురాయి కరుచుకుని మెరిసే గీత పడుతుంది, పొడి రాలుతుంది. గట్టిపరిచినదైతే గాజు మీద గీసినట్టు జర్రున జారిపోతుంది. గీయనివ్వని కొట్టువాడి దగ్గర నేను కొనను.

గొలుసు ఇంత చేసి దానికి పెట్టె తాళం కప్ప వేస్తే ఏం లాభం? కప్ప కొంకి గొలుసంత లావు ఉండాలి. నాకైతే గొలుసు రెండు చివర్లనీ యు-లాకుతో కలపడమే నచ్చింది. యు-లాకుది 13 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్న కడ్డీ అయితే మంచిది.

పెట్టె మీద కంపెనీవాళ్లు తమకి తామే వేసుకునే "పదికి తొమ్మిది" మార్కుల్ని పట్టించుకోవద్దు. బ్రిటన్‌లో సోల్డ్ సెక్యూర్ అనే సంస్థ తాళాల్ని పగలగొట్టి చూసి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని గుర్తులిస్తుంది. ఆ గుర్తు ఉంటే కొంత నమ్మొచ్చు. తాళంచెవి గుండ్రటి గొట్టంలా ఉండే పాతరకం తాళం ఎవరైనా ఊరికే ఇచ్చినా వద్దనండి. 2004లో అమెరికాలో అలాంటి తాళాల్ని మామూలు బాల్‌పెన్ను గొట్టంతో తెరిచి చూపించారు. కంపెనీ తాళాలు వెనక్కి తీసుకుని కొత్తవి ఇవ్వాల్సొచ్చింది.

నంబరు తాళం అయితే తాళంచెవి మోసే పని లేదు కదా?

మూడంకెల తాళానికి ఉండేవి 1,000 నంబర్లే. ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకున్నా సుమారు అరగంటలో అన్నీ అయిపోతాయి. పైగా చవకవాటిని లాగిపట్టి తిప్పితే అంకె పడినచోట చేతికే తెలుస్తుంది. పిల్లల హెల్మెట్లకి వాడుకోండి.

సైకిలు ఉంది, ముందు చక్రం పోయింది. ఇదెలా?

నాకూ పోయింది. దేవమాలి కొండకి వెళ్తూ ఓ ఊరి లాడ్జి దగ్గర ఆగాం. సైకిళ్లు దించబోతుంటే అక్కడి కుర్రాడు "కెమెరా ఉంది సార్, ముందు సామాన్లు పెట్టుకోండి" అన్నాడు. సంచులు రెండంతస్తులు ఎక్కించి, మొహం కడుక్కుని దిగేసరికి ఇరవై నిమిషాలు. గొలుసు ఉంది, తాళం ఉంది, ఫ్రేము ఉంది. ఫోర్కు మాత్రం పళ్లూడిన నోరులా ఖాళీగా వేలాడుతోంది. కెమెరా గేటు వైపు చూస్తోంది, కారు గేటు పక్క గోడకి ఉంది. ఒడిశాలోకెల్లా ఎత్తయిన కొండ, 1,672 మీటర్లు, దాని కిందికి వెళ్లి నేను కారులో కూర్చుని పల్లీలు తిన్నాను.

గేరు సైకిళ్లలో చాలావాటికి ముందు చక్రం క్విక్ రిలీజ్ మీటతో ఉంటుంది. పానా అక్కర్లేదు, మీట వెనక్కి తిప్పి రెండు చుట్లు విప్పితే చక్రం చేతిలోకి వస్తుంది. మనకి పంచరప్పుడు ఎంత సుఖమో వాడికీ అంతే సుఖం. ఉపాయాలు రెండు. ఒకటి, బయల్దేరేటప్పుడే ముందు చక్రం తీసి కారు లోపల పడేయడం. రెండోది, మీట ఉన్న కడ్డీ తీసేసి ఆలన్ కీతో బిగించే కడ్డీ వేయించడం. సీటు గొట్టానికి కూడా మీట ఉంటే దానికీ అదే వైద్యం. లైట్లు, పంపు, మీటరు, సీటు కింద సంచి, ఇవన్నీ కారు లోపలే ప్రయాణం చేయాలి. గాలికి ఎగిరిపోకుండా కూడా ఉంటాయి.

ఆడవాళ్ల సైకిలుకి పైన అడ్డగొట్టం లేదు. దానికెలా?

సీటు నుంచి హ్యాండిల్ దాకా బిగించే అడ్డకడ్డీ అమ్ముతారు, ర్యాకు మీద వేలాడదీయడానికి. అది వేలాడదీయడానికే. దాని చుట్టూ గొలుసు వేసి తాళం వేశామనుకుంటారు చాలామంది. ఆ కడ్డీ ఒక నొక్కుతో ఊడుతుంది, సైకిలు వెళ్లిపోయి కడ్డీ తాళంతో సహా ర్యాకు మీద మిగులుతుంది. గొలుసు సీటు కింది ఫ్రేము గొట్టం చుట్టూ తిరగాలి. పిల్లల సైకిలుకీ అంతే.

టాపు ర్యాకుకి తాళం ఉంది. చాలదా?

టీకి చాలు. ఆ తాళాలు పల్చటి రేకు చెవులతో ఉంటాయి, స్క్రూడ్రైవరు గట్టిగా తిప్పితే కొన్ని తిరిగిపోతాయి. సైకిలుని పట్టే చేతికి తాళం ఉన్నా ర్యాకు బద్దెలని కారు టాపుకి పట్టే కాళ్లకి ఉందో లేదో కూడా చూసుకోండి. చాలామంది పైదానికే వేసి కిందది మర్చిపోతారు. తాళంచెవి మీద చిన్న నంబరు చెక్కి ఉంటుంది, దాన్ని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. చెవి పోతే ఆ నంబరుతోనే కొత్తది వస్తుంది.

దొంగతనం కాని నష్టం ఒకటి చెప్తాను. టాపు మీద సైకిలుందన్న సంగతి మర్చిపోయి లాడ్జి పోర్టికోలోకి తోలేయడం. ఆ పూట ఏ తాళమూ ఆదుకోదు.

రాత్రి లాడ్జిలో దిగితే?

దించండి. గదిలోకి తీసుకెళ్లండి. టైర్లు తుడుస్తామని, కింద పేపరు పరుస్తామని ముందే చెప్తే చాలామంది ఒప్పుకుంటారు. గది ఇచ్చేముందే అడగాలి, డబ్బు కట్టాక అడిగితే బేరం పోయినట్టే. ఒప్పుకోకపోతే జనరేటరు గదో, మెట్ల కింద చోటో చూపించమనండి, అక్కడ స్తంభానికి గొలుసేయండి.

దించే వీలు అస్సలు లేకపోతే కారుని వెనక్కి తోలి, ర్యాకు గోడకి జానెడు దూరంలో ఆగేలా పెట్టండి. సైకిలు బయటికి రావడానికి చోటే ఉండదు. డిక్కీ ర్యాకుకి ఇంతకన్నా మంచి తాళం లేదు, ఖర్చూ లేదు. పగలు ధాబాల దగ్గర కూడా నేను ఇలాగే పెడతాను, గోడ లేకపోతే చెట్టు మొదలు.

గుడికో బీచికో అందరం కలిసి వెళ్లిపోతే?

వెళ్లకండి. రాయగడ మజ్జిగౌరమ్మ గుడికి ఆదివారం వెళ్లినవాళ్లకి తెలుసు ఆ జనం సంగతి. ఆంధ్రా నుంచి వచ్చే బళ్లే బారులు తీరి ఉంటాయి, దర్శనం ఎంతసేపో చెప్పలేం. ఒకరు కారు దగ్గర ఉండి, వాళ్లు తర్వాత వెళ్లాలి. అమ్మవారు ఏమీ అనుకోదు. గోపాలపూర్‌లో సాయంత్రం బీచికి దగ్గర్లో చోటు దొరక్క దూరంగా సందులో పెట్టి వచ్చేస్తారు, అదీ తప్పే. చోటు దొరక్కపోతే సైకిళ్లు దించి తొక్కుకుంటూ వెళ్లండి, తెచ్చుకున్నదే అందుకు కదా. బరంపురం ఠాకురాణి యాత్ర రోజుల్లో అయితే ఊళ్లోకి ర్యాకు కట్టిన కారు తేవడమే వద్దు. బయట చుట్టాలింట్లో పెట్టేసి నడిచి రండి.

ఘాటీలో గొలుసు కొట్టుకుని రంగు పోతోంది, చప్పుడు కూడా.

పంచరు కొట్లో పాత ట్యూబులు అడిగితే ఊరికే ఇస్తారు. నిలువునా కోసి గొలుసుకి చుట్టి, పైన టేపు వేయండి. సాలూరు నుంచి పొట్టంగి ఎక్కే మలుపుల్లో బెల్టులు వదులవుతాయి. బయల్దేరిన పది కిలోమీటర్లకి ఒకసారి, ఘాటీ ఎక్కేముందు ఒకసారి ఆగి బిగించండి. గొలుసు ఉంది కదా అని బెల్టుని వదిలేయకండి. గొలుసు సైకిలు పోకుండా ఆపుతుంది గానీ ఊగకుండా ఆపలేదు.

తాళం ఆర్నెల్లకే బిగుసుకుపోయింది.

గోపాలపూర్, ఛత్రపురం వైపు ఉప్పుగాలి, కొరాపుట్ వైపు వానలు. కొబ్బరినూనె మాత్రం పోయకండి, ఇసుకా దుమ్మూ పట్టి లోపల ముద్దవుతుంది. పెన్సిలు ములుకు మెత్తగా గీకి ఆ పొడిని చెవికి రాసి, తాళంలో నాలుగుసార్లు తిప్పండి. కన్నం కింద వైపు ఉండేలా తాళం వేస్తే వాననీళ్లు లోపల నిలవవు. కొంకికీ గొలుసుకీ కుట్టుమిషను నూనె తుడిచిన గుడ్డ చాలు.

అలారం తాళం, ట్రాకరు పనిచేస్తాయా?

అలారం తాళం బండి ఆగాకే ఆన్ చేయాలి. లేదంటే మొదటి గతుకు నుంచి అరుస్తూనే ఉంటుంది, ఊళ్లవాళ్లు మనల్నే దొంగలనుకుంటారు. ఎయిర్‌ట్యాగ్ లాంటివాటికి సొంతంగా జీపీఎస్ లేదు. చుట్టుపక్కల ఉన్న ఫోన్లు దాన్ని పసిగట్టి చెప్తేనే ఎక్కడుందో తెలుస్తుంది. బరంపురం బజార్లో బాగా తెలుస్తుంది, మహేంద్రగిరి వాలు మీద తెలియకపోవచ్చు. సీటు కిందో హ్యాండిల్ గొట్టంలోనో కనపడకుండా పెట్టండి. అది చూపించిన ఇంటికి ఒక్కరే వెళ్లి తలుపు కొట్టకండి, పోలీసుని తీసుకెళ్లండి.

నంబరు ప్లేటు కప్పేస్తోంది. పర్వాలేదా?

పర్వా ఉంది. వెనక ప్లేటూ లైట్లూ కనపడాలి. సైకిళ్లు పక్కలకి కారు దాటి పొడుచుకురాకూడదు, మోటారు వాహనాల చట్టం 194 సెక్షను కింద దానికి జరిమానా 20,000 రూపాయలు. చక్రాలు తీసేస్తే వెడల్పు తగ్గుతుంది, చక్రాల దొంగ బెడదా పోతుంది.

అన్నీ చేసినా పోయింది. ఇప్పుడేం చేయాలి?

ముందు 112కి ఫోను, తర్వాత స్టేషను. ఇక్కడ మన సరిహద్దువాళ్లకి ఓ చిక్కు. రంభలో ఆగినప్పుడు పోయిన చక్రమో సైకిలో ఇచ్ఛాపురం వచ్చాక గానీ గమనించం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే, ఇప్పుడు మాత్రం మధ్యలో రాష్ట్రం మారిపోతుంది. "మా హద్దు కాదు, అక్కడికెళ్లండి" అంటారేమో అని వెనకాడకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173 సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. జీరో ఎఫ్ఐఆర్ అని అడగండి. రాసుకున్నది మీకు చదివి వినిపించాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆన్‌లైన్లో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. దొంగతనం భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షను. ఒడియా రాకపోయినా భయం లేదు, "సైకిల్ చోరీ" అంటే ఎక్కడైనా అర్థమవుతుంది.

ఫిర్యాదుకి ప్రాణం సైకిలు నంబరు. సైకిలుని తలకిందులు చేస్తే పెడళ్ల మధ్య గొట్టం కింద చెక్కి ఉంటుంది. మట్టి పట్టి ఉంటుంది, తుడిచి ఫోటో తీయండి. బిల్లు, సైకిలు పక్కన మీరు నిలబడ్డ ఫోటో, ఏదైనా గీతో సొట్టో ఉంటే దాని ఫోటో, అన్నీ ఇవాళే తీసి పెట్టుకోండి. మా తాతయ్య కాలంలో మునిసిపాలిటీ సైకిలుకి పన్ను కట్టించుకుని ఇత్తడి బిళ్ల ఇచ్చేది, బిళ్ల లేకపోతే పట్టుకునేవారు. ఇప్పుడు సైకిలుకి రిజిస్ట్రేషను లేదు, అది మీదేనని చెప్పేది ఆ నంబరు ఫోటో ఒక్కటే. పాత సైకిళ్లు కొనే కొట్లలో, ఆన్‌లైన్ అమ్మకాల్లో వారం పది రోజులు చూస్తూ ఉండండి.

కారు ఇన్సూరెన్సు ఇస్తుందా?

మామూలుగా ఇవ్వదు. సైకిలు కారులో భాగం కాదు. ర్యాకుని పాలసీలో అదనపు సామానుగా రాయించుకోవచ్చేమో కంపెనీని అడిగి చూడండి. ఖరీదైన సైకిలైతే దానికే విడిగా పాలసీలున్నాయి. తాళం వేసి ఉండగా పోతేనే ఇస్తామనే షరతు ఉందేమో చదవండి, తెగిన తాళాన్ని పారేయకుండా దాచండి.

తాళంచెవి ఇంట్లో మర్చిపోతే?

యు-లాకుతో రెండు చెవులిస్తారు. రెండూ ఒకే గుత్తికి వేసి ఆ గుత్తిని టీవీ మీద పెట్టి వచ్చేవాళ్లని నాకు బాగా తెలుసు. పోయినేడు సంక్రాంతి సెలవులకి మేం రెండు కుటుంబాలం కొరాపుట్ చేరాక ఆ సంగతి బయటపడింది. నాలుగు సైకిళ్లకీ గొలుసుంది, యు-లాకుంది, చెవి బరంపురంలో ఉంది. ఓ వెల్డింగు షాపాయన గ్రైండరు పెట్టి ఒకటిన్నర నిమిషంలో కోసేశాడు, కోస్తూ "ఇంత మంచి తాళం ఎక్కడ కొన్నారు సార్" అని అడిగాడు. డబ్బు ఇవ్వబోతే ముందు సైకిలు బిల్లు చూపించమన్నాడు. ఫోన్లో ఫోటో ఉండబట్టి బతికిపోయాం. అప్పటి నుంచి ఒక చెవి కారు తాళాల గుత్తికి, రెండోది మా ఆవిడ పర్సులో.